దినమున కొక యచ్చు

అశోకవనమున శోకించుచున్న సీతాదేవికి నమ్మకము కలిగించినది రాముని పేరు చెక్కిన యుంగరము. దుష్యంతుడు మరచిన శకుంతలను మరల నాతనికి జ్ఞప్తికి తెచ్చినదియు పేరు చెక్కిన యుంగరమే. విశాఖదత్తుని ముద్రారాక్షసమున చాణక్యుడు రాక్షసమంత్రి ముద్రికను చేజిక్కించుకొని, దాని బలముననే యాతనిని లోబరచుకొనెను. చిన్ననాడు తండ్రిగారి యొద్ద ఈ కథలు చదువుకొనునపుడు మాకు ఉంగరము మహిమయే కనబడెను గాని, దానిపై నక్షరములు చెక్కిన కంసాలి తలపునకు రాలేదు. ముద్ర వేయుటకై చెక్కెడి యక్షరము కుడియెడమలు మారి యుండవలెను. లేకున్న లక్కపై పడిన గుర్తును చదువుట కష్టము. తన కంటికి తప్పుగా నున్నగాని యెదుటివారి కంటికి ఒప్పుగా కనబడని విచిత్రమైన విద్య యిది.

ఆ కంసాలి కష్టము మాకు 2023వ సంవత్సరపు చివర తెలియవచ్చెను. పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకొను రబ్బరు ముక్కపై దినమున కొక యచ్చు చెక్కుట నాటినుండి మా యింట నిత్యకృత్యమైనది. అది యేల యారంభమైనదో, ఎట్లు చేయుచున్నామో, దానివలన మాకేమి దక్కినదో సోదరీమణులకు విన్నవించుకొందుము.

మా యత్తగారు నలువది యేండ్లకు పైగా తెల్లవారక మునుపే లేచి, వాకిలి చిమ్మి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టుచుండిరి. అరువది నాలుగు కళలను లెక్కించిన మన పెద్దలు బియ్యముతోను పూలతోను నేలపై చిత్రములు తీర్చుటనుగూడ నందు చేర్చిరి. ఆ సంగతి మేము పుస్తకమున చదివితిమి. అత్తగారు పుస్తకము చూడకయే ఆ కళను వాకిట నిలిపిరి. ఆమె వ్రేళ్ల నడుమనుండి జారిన పిండి ఒక్కచోటనైనను లావు సన్నము కాకుండెడిది. ఆమె ముగ్గుల పుస్తకము నేనాడును ఉంచుకొనలేదు. అడిగినచో “చేతికి తెలిసినదానికి పుస్తకమెందుకమ్మాయీ” అని నవ్వెడివారు.

2023 శ్రావణమున ఆమెకు పక్షవాతము వచ్చెను. కొన్ని వారములకు మాట తిరిగి వచ్చినది. చేతికఱ్ఱ సాయమున నాలుగడుగులు వేయుటయు వచ్చినది. కుడిచేయి మాత్రము రాలేదు. ఆ యేడు ధనుర్మాసమున వాకిటి ముగ్గు మా పాలబడెను. మాకు వచ్చినవి నాలుగు ముగ్గులు. అత్తగారు అరుగుమీద కుర్చీలో కూర్చుండి చూచుచుండిరి. ఐదవనాడు మొదటి పద్మమునే మరల పెట్టగా, “ఇది మొన్నటిదే గదా” అనిరి. అందు నిందలేదు. కాని మాకు గుండెలో ముల్లు గ్రుచ్చుకొన్నట్లయ్యెను. ఎన్ని వందల ముగ్గులు ఆ చేతిలో నుండెనో! అవి మరియెక్కడను లేవు. చేయి పడిపోగానే అవియు పోవలసినదేనా?

నాటి సాయంకాలమే నోటుబుక్కు తెచ్చి, చెప్పుమని వేడుకొంటిమి. ఆమె చుక్కల లెక్కతో మొదలుపెట్టిరి. “ఏడు చుక్కలు, సందుచుక్క, నాలుగు వచ్చువరకు.” అనగా నడుమ వరుసలో ఏడు, దాని కిరుప్రక్కల ఆరు, ఐదు, నాలుగు చుక్కలుగా తగ్గుచు ఏడు వరుసలు. మొత్తము 37 చుక్కలు. చుక్కలవరకు బాగుగనే యుండెను. పిమ్మట గీత ఏ చుక్కను చుట్టి, ఏ చుక్కను దాటి పోవునో మాటలతో చెప్పుట ఆమెకు చేతకాలేదు. ఎడమచేయి గాలిలో త్రిప్పుచు “ఇట్లు, ఇట్లు” అనిరి. మేము వ్రాసి చూపుట, ఆమె తల యడ్డముగా నూపుట, మరల వ్రాయుట. నాలుగు దినములలో ఆరు ముగ్గులు పుస్తకమునకెక్కినవి. అయినను మాకు తృప్తి కలుగలేదు. పుట త్రిప్పగానే ముగ్గు మా తలనుండి జారిపోవుచుండెను. అత్తగారికో, ఔను కాదనుట తప్ప చేయుటకు పనియే లేకుండెను.

ఆ దినములలోనే మా చిన్నవాడు బడిలో చెప్పిరని బెండకాయను అడ్డముగా కోసి, రంగులో ముంచి కాగితముపై నద్దుచుండెను. ఒక్కొక్క యద్దుట కొక్కొక్క ఐదురేకుల పువ్వు. అత్తగారు చేయి చాపి బెండకాయముక్క నడిగి పుచ్చుకొనిరి. ఎడమచేతితో వార్తాపత్రిక అంచు పొడుగునను పూలు అద్దిరి. కొన్ని వంకరగా పడినవి, కొన్ని మాసిపోయినవి. అయిదు మాసముల తరువాత ఆమె చేతినుండి ఒక రూపము వెలువడుట అదే మొదలు. ఆ కాగితము మేము నేటికిని దాచియున్నాము.

కావున ముగ్గును వ్రాయుట కాదు, అచ్చుగా చెక్కవలెనని తోచినది. చెక్కుట మా పని. అద్దుట ఆమె పని. బంగాళాదుంపపై చెక్కి చూచితిమి గాని అది మరునాటికే వడలి ముడుచుకొనిపోయెను. మా యింటివారు బడిపంతులగుటచే మా యింట రబ్బరు ముక్కలకు కొదువలేదు. వానిలో పెద్దదొకటి తీసికొంటిమి. నేడు అంగళ్లలో దొరకెడి తెల్లని రబ్బరులలో ననేకము చెట్టుపాలతో చేసినవి కావు. వినైలు అను మెత్తని ప్లాస్టిక్కుతో చేసినవి. పొడియై రాలక, వెన్నముద్దవలె నునుపుగా తెగుటచే చెక్కుటకు అవియే అనుకూలము.

చేయు విధము చెప్పెదము. పలుచని కాగితముపై మెత్తని పెన్సిలుతో చిత్రమును గట్టిగా దిద్దవలెను. ఆ కాగితమును బోర్లించి రబ్బరుపై నుంచి, కదలకుండ పట్టుకొని, చెంచా వీపుతో రుద్దవలెను. పెన్సిలు నలుపు రబ్బరున కంటుకొని, చిత్రము కుడియెడమలు మారి దిగును. దానిని చెక్కి యద్దినచో మరల మారి సరిగా పడును. పిమ్మట సన్నమొన గల చాకుతో గీత కిరువైపుల కోయవలెను. చాకును గీతనుండి బయటికి వాల్చి కోసినచో గీత మొదలు వెడల్పై గోడవలె నిలుచును. లోపలికి వాల్చినచో గీత క్రింద బోలుపడి, నాలుగు మారులద్దగానే విరిగిపోవును. వంపు వచ్చినచోట చాకును నిలిపి రబ్బరును త్రిప్పవలెను. చాకు త్రిప్పినచో గీత తెగును, వ్రేలును తెగును. రెండవది మాకు రెండుమారులు జరిగినది. చాకు ఎప్పుడును రెండవ చేతివైపు రాకూడదని అప్పుడు బుద్ధి వచ్చినది.

గీతలు మిగిల్చి తక్కిన దంతయు తొలగించిన పిమ్మట సిరామెత్తపై మెల్లగా తాకించి కాగితముపై నద్ది చూడవలెను. అక్కరలేనిచోట నలుపు పడినచో అచ్చట మరికొంచెము తీయవలెను. అద్దుట ముగిసిన వెంటనే తడిగుడ్డతో తుడువవలెను. ఈ యచ్చులను ప్లాస్టిక్కు డబ్బాలో ఊరక పడవేయరాదు. వినైలులోని జిడ్డు డబ్బాకు పట్టి రెండును అతుకుకొనిపోవును. మొదటి నెల యచ్చులలో ఎనిమిది అట్లే పాడైనవి. ఇప్పుడు ఒక్కొక్కదానిని కాగితమున చుట్టి అట్టపెట్టెలో పెట్టుచున్నాము.

ముగ్గునకును అచ్చునకును ఒక గొప్ప భేదము కలదు. ముగ్గున తప్పు వచ్చినచో అరచేతితో తుడిచి మరల దిద్దవచ్చును. రబ్బరుపై తెగిన గీత తెగినదే. అందుచే చాకు తాకింపక ముందే చిత్రమంతయు మనస్సున నిలుపుకొనవలెను. నోటుబుక్కు నేర్పని ముగ్గును చాకు మాకు నేర్పినది.

రెండంగుళముల రబ్బరుపై 37 చుక్కల ముగ్గు పట్టదు. దీనికి ఉపాయము అత్తగారే చెప్పిరి. “ఒక మూల పెట్టినచో తక్కిన మూలలన్నియు అదే చేయి” అనిరి. నిజమే. సరిచుక్కల ముగ్గు సాధారణముగా నాలుగు పాదములు కలది. సందుచుక్కలది ఆరు భాగములది. ఒక్క భాగము చెక్కి, కాగితమును త్రిప్పుచు నాలుగుమారులో ఆరుమారులో అద్దినచో ముగ్గు నిండును. మేము కాగితము త్రిప్పుచుందుము, ఆమె ఎడమచేతితో అద్దుచుందురు. మెలికల ముగ్గయినచో ఒక భాగపు గీత చివర మరియొక భాగపు గీత మొదటిని వెండ్రుకవాసి తేడాలేక కలియవలెను. లేకున్న మెలిక తెగును. మొదట ఆమె చేయి వణకెడిది. పదింట ఎనిమిది తెగెడివి. వేసవి నాటికి పదింట రెండు తెగుచుండెను. వైద్యులు చెప్పిన వ్యాయామమునకు విసుగుకొను మనిషి, ఈ పనికి సాయంకాలము నాలుగు గంటలకే కుర్చీ జరుపుకొని సిద్ధముగా నుండెడివారు.

ఒకనాటి పొరపాటు చెప్పక తప్పదు. నాలుగు మూలల నాలుగు శంఖములు గల ముగ్గును కాగితమునుండి దింపక, తొందరపాటున చూచుచునే నేరుగా రబ్బరుపై దిద్ది చెక్కితిమి. అద్దగానే అత్తగారు కాగితమును కన్నులకు దగ్గరగా పెట్టుకొని చూచి నవ్విరి. “ఏమమ్మాయీ, మన యిల్లు బంగారుగనియైనది! నాలుగును దక్షిణావర్తములే!” సముద్రమున దొరకెడి శంఖములలో నూటికి తొంబదితొమ్మిదికి పైగా ఒకే వైపు తిరిగియుండును. ఎదురు తిరిగిన దక్షిణావర్త శంఖము మిక్కిలి యరుదు. దానిని లక్ష్మీస్వరూపమని పూజింతురు. మా యజాగ్రత్తచే ఒక్క సాయంకాలమున నాలుగు పుట్టినవి. అత్తగారు అట్లు పకపక నవ్వుట జబ్బు చేసిన తరువాత అదే మొదలు. ఆ యచ్చును మేము దిద్దుకొనక అట్లే యుంచితిమి.

2024 వేసవిలో కృష్ణాజిల్లా పెడనకు పోయి, అద్దకపు పనివారిని చూచివచ్చితిమి. మచిలీపట్టణపు కలంకారి యని పేరుగన్న బట్టలు నేడు విశేషముగా అచ్చటనే అద్దబడుచున్నవి. అచ్చులు టేకు కఱ్ఱపై చెక్కినవి. చిత్రపు టంచునకొక యచ్చు, లోపలి ఒక్కొక్క రంగునకు వేరువేరచ్చులు. ఒక పువ్వునకు మూడు నాలుగు అచ్చులు కలసి పనిచేయవలెను. బట్టను కరక్కాయ నీటిలోను పాలలోను తడిపి ఎండవేయుదురు. తుప్పుపట్టిన యినుమును బెల్లపునీటిలో నానవేసిన కషాయము ఆ బట్టపై తాకగానే నల్లబడును. ఎఱుపు రంగు మరియు చిత్రము. అచ్చుతో నద్దునది ఎఱుపు కాదు, పటిక నీరు. అద్దినపుడు అది కంటికి అంతగా కానరాదు. పిమ్మట చిరివేరు, మంజిష్ఠ వంటి రంగుదినుసులతో కాచినపుడు పటిక తాకినచోటనే ఎఱుపు పట్టి నిలుచును. బట్టనిండ గల పూలు కాగులో నొక్కమారు వికసించుట చూడవలసినదే గాని చెప్పనలవి కాదు.

ఈ తీరమునుండి పోయిన కలముపని బట్టలును అద్దకపు బట్టలును ఒకప్పుడు ఐరోపాను మోహింపజేసినవి. అచ్చటి నేతవారి బ్రతుకునకు భంగము వచ్చునని 1686లో ఫ్రాన్సు దేశమువారు అట్టి బట్టలను నిషేధించి, 1759వరకు ఆ నిషేధమును సాగించిరి. ఇంగ్లండువారును 1721లో వానిని ధరించుట కూడదని చట్టము చేసిరి. అంతటి పనికి మూలమైన అద్దకపువారి చేతిని మేము గమనించితిమి. అచ్చును నిలిపి పిడికిలితో నొక్కటే దెబ్బ. తరువాతి యచ్చును దాని ప్రక్కన నానించుటకు గీతయు లేదు, కొలతయు లేదు. కన్నే కొలత. మా యత్తగారి చుక్కలును అట్లే పడెడివి.

ఇది పేదపని, పిల్లపని యని చిన్నచూపు చూడరాదు. రవీంద్రనాథ ఠాకూరు బంగాళీ పిల్లలకై 1930లో ప్రకటించిన సహజపాఠమను వాచకమునకు నందలాల్ బోసుగారు బొమ్మలు చెక్కినది లినోలియము మీదనే. అవిసెనూనెతోను బెరడుపొడితోను చేసి ఇండ్లలో నేలకు పరచుకొను సామాన్యవస్తువది. ఆ 1930లోనే దండియాత్రకు చేతికఱ్ఱతో సాగిపోవుచున్న గాంధీమహాత్ముని నల్లని నేలపై తెల్లని గీతలలో ఆయన చెక్కిన బొమ్మ దేశమంతయు నెఱిగినదే. జపానులో నాన్సీ సెకీ యను నామె మనవలెనే చెరుపురబ్బరుపై టెలివిజను నటుల ముఖములు చెక్కి, వానిని తన వ్యాసములతో పత్రికలలో ప్రకటించి మిక్కిలి ఖ్యాతిగాంచెను. 1962లో పుట్టిన యామె 2002లోనే మరణించినది గాని, రబ్బరుముద్రలు చెక్కు వేడుక ఆ దేశపు ఇల్లాండ్రలో నేటికిని కలదు.

ఇక అసలు సంగతికి వచ్చెదము. ఒకనాడు అత్తగారు అట్టపెట్టెలోని యచ్చులను చూచి, చాలసేపు మాటాడక, “ముగ్గు నిలువరాదమ్మాయీ” అనిరి. “పిండిని చీమలు తినవలె. రాకపోకలకు నలగవలె. తెల్లవారి చిమ్మివేయవలె. చెరిగిపోవును గనుకనే మరల పెట్టుదుము. నీవు పెట్టెలో పెట్టి మూత వేసితివి.”

మేము నాడు బదులు చెప్పలేకపోతిమి. ఇన్ని మాసముల శ్రమ వ్యర్థమైనట్లు తోచినది. రాత్రి నిద్ర పట్టక ఆలోచింపగా ఆమె మాటయే నిజమని తెలిసినది. మేము దాచుచున్నది ముగ్గును కాదు, ముగ్గు గుర్తును మాత్రమే. రాముని యుంగరము రాముడు కాదు గదా. అది చూచిన తరువాత చేయవలసినది మిగిలియే యుండును. నాటినుండి పద్ధతి మార్చితిమి. సాయంకాలము చెక్కి యద్దిన ముగ్గును మరునాటి తెల్లవారుజామున వాకిట పిండితో పెట్టవలెను. రాకున్న ఆ యచ్చు లెక్కలో చేరదు. ఇట్లు చేసిన పిమ్మట అత్తగారు పెట్టెను గూర్చి మరేమియు ననలేదు.

2024 ఆశ్వయుజమున ఆమెకు మరల నొకమారు సుస్తీ చేసెను. ఈమారు చేయి కాదు, జ్ఞాపకము సన్నగిల్లినది. చుక్కలు చెప్పి, రెండు మెలికలు త్రిప్పి, నడుమ నాగిపోవుచుండిరి. “ఆ తరువాత ఎటు పోవునో...” అని కన్నులు మూసికొని కూర్చుండెడివారు. మూడు ముగ్గులు అట్లు సగములోనే నిలిచిపోయినవి. మిగిలినది మేము కల్పించి పూరింపవచ్చును, ఎవరికిని తెలియదు. కాని పూరింపలేదు. సగమే చెక్కి యుంచితిమి. ఒక్క యేడు ముందుగా కూర్చుండియున్న ఆ మూడును దక్కియుండెడివి. మీ యిండ్ల పెద్దల చేతులలో నేమున్నదో నేడే అడిగి తెలిసికొనుడని మేము ఇంతగా చెప్పుటకు కారణమిదియే. ముగ్గే కానక్కరలేదు, కుట్టుపని కావచ్చును, పీటపై చెక్కిన లత కావచ్చును, అరిసెలపాకపు గుర్తు కావచ్చును.

దినమున కొకటి యనుకొన్నను కొన్ని దినములు తప్పినవి. పరీక్షల దినములలోను, చుట్టములు వచ్చినపుడును, ఆమె సుస్తీగా నున్నపుడును చాకు ముట్టలేదు. తప్పినదని విచారించి మరునాడు రెండు చెక్కబోయిన దినముననే వ్రేలు తెగినది. తప్పినది తప్పినదే; మరునాడు ఒక్కటే. పావుగంట మొదలు అరగంటవరకు చాలును. పొయ్యి కట్టివేసిన తరువాత, దీపము పెట్టక ముందు, ఆ కొలది సమయము ఇంటనున్న వారందరికిని మాదని తెలిసిపోయినది. 2025 సంక్రాంతి నాటికి మొత్తము ముగ్గులు 112. ఆమె అద్దిన కార్డులను మా యాడుబిడ్డలకు పంపగా, వారు తమ వాకిళ్లలో ఆ ముగ్గులను పెట్టి, “అమ్మ చేతివ్రాత చూచినట్లున్నది” అని కబురు చేసిరి.

ఆ యేటి కనుమనాడు రథము ముగ్గు పెట్టవలెను. ముందునాటి సాయంకాలము దానిని చెక్కుటకు రబ్బరు తీయగా అత్తగారు వలదని చేయి యడ్డము పెట్టిరి. “రథమునకు త్రాడుండును. అది ప్రక్కయింటి రథమువరకు పోవలె. నీ రబ్బరుపై ఎంత దూరము పోవును?” అనిరి.

కనుమనాడు చీకటితో లేచి, ఆమెను అరుగుమీద కూర్చుండబెట్టి, చుక్కలు పెట్టితిమి. ఆమె చెప్పలేదు, మేము అడుగలేదు. చక్రములు, గోపురము, పతాకము వ్రేళ్లనుండి తామే దిగివచ్చినవి. త్రాడును లాగుచు ప్రక్కయింటి వాకిటివరకు వంగి పోవునప్పటికి వారి కోడలును ముగ్గుచిప్పతో తన త్రాడు పట్టుకొని ఎదురు వచ్చెను. రెండు గీతలును నడివీథిలో కలిసినవి. వెనుదిరిగి చూడగా అత్తగారు కుర్చీ చేతిపై ఎడమచేతి వ్రేలితో మెల్లగా ఏదో గీయుచుండిరి. ఎండ యెక్కునప్పటికి ఆవులును పిల్లలును త్రొక్కి రథము సగము చెరిగెను. “రేపు మరియొకటి” అనిరి ఆమె.